"మాత్ర నిలపద్దమ్మా" అన్న ఆ మెడికల్ షాపు పెద్దాయనకు

ఈ పోస్టు అనంతపురంలో చిన్న మెడికల్ షాపు నడుపుకుంటున్న ఒక పెద్దాయన కోసం. పేరు రాయొద్దని గట్టిగా చెప్పినారు, అందుకే రాయడంలేదు. మా చెల్లెలికి లూపస్ అనే దీర్ఘకాల జబ్బు. ఆమె వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర కరోనాకు పనిచేస్తుందన్న మాట పుట్టి జనం ఎగబడి కొనేసరికి, 2020 మార్చి ఆఖరు నుంచి అడిగిన ప్రతిచోటా లేదన్నారు. నెలకు సరిపడా మాత్రలు ఈ పొద్దు ఊరికి చేరినాయి. నిద్రలేక కళ్లు మండుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

మేం ఆయన షాపులో ముందెప్పుడూ ఏమీ కొన్నవాళ్లం కాదు. వైద్యం బెంగళూరులో, మందులూ అక్కడివే. లాక్‌డౌన్‌తో ఆ దారి మూతపడింది. ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, స్టాకు ఉందో లేదో చెప్పకముందే ఆయన అడిగినవి ఇవి: బరువెంత, రోజుకెంత వేస్తున్నారు, ఇంట్లో ఎన్ని మిగిలినాయి, కంటి పరీక్ష ఎప్పుడు చేయించినారు. బరువు 60 కిలోలని చెప్పగానే ఫోన్లోనే లెక్క కట్టినారు. ఎక్కువైతే కంటికి ముప్పు గనుక ఈ మందుకు కంటి డాక్టర్లు పెట్టిన హద్దు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు. అంటే 300. అందుకే చీటీలో ఒకరోజు 200, మరుసటి రోజు 400 అని ఉంటుంది. నెలకు 200వి 45 మాత్రలు. "అంతకన్నా ఒక్కటి కూడా ఎక్కువ ఇయ్యనమ్మా, నీ మాదిరి ఇంకా ఉన్నారు" అన్నారు చెల్లెలితో. ఆ మాట వింటే కోపం రాలేదు. ఇన్నాళ్లకు ఒకరు ఈ మందు ఎవరికి కావాలో ఆలోచిస్తున్నారు అనిపించింది.

ఆయన దగ్గరా అప్పటికి 200వి లేవు. కొన్ని షాపుల్లో "రెండూ ఒకటే, ఇది తీసుకోండి" అని క్లోరోక్విన్ చేతిలో పెట్టబోయినారు. ఈయన మాత్రం అది ఒప్పుకోలేదు. క్లోరోక్విన్‌తో కంటికి ముప్పు ఎక్కువ, దాని హద్దు కిలోకు 2.3 మిల్లీగ్రాములే, మాత్రకు మాత్ర మార్చి వేసుకునేది కాదని విడమరిచి చెప్పినారు. తర్వాత తానే స్టాకిస్టులను ఒకరి తర్వాత ఒకరిని అడిగి 300 మిల్లీగ్రాముల మాత్రలు పట్టినారు. రెండు రోజులకు 600 కావాలి కాబట్టి రోజూ 300 ఒకటి వేసినా లెక్క అదే. అలాగని సొంతంగా మార్చలేదు. బెంగళూరు డాక్టరమ్మతో మాట్లాడి, కొత్త చీటీ వాట్సాప్‌లో తెప్పించుకున్నాకే ఇచ్చినారు. 400 మాత్రను విరిచి సగం సగం వేసుకోవచ్చా అని అడిగితే, పూత ఉన్న మాత్ర, విరవొద్దు, నలపొద్దు అన్నారు.

చీటీ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. మార్చి 26న కేంద్రం ఈ మందును షెడ్యూల్ హెచ్1 (చీటీ మీదే అమ్మి, లెక్క రాసిపెట్టాల్సిన మందుల జాబితా) నిబంధనల కిందకు తెచ్చింది. షాపువాళ్లు విడిగా ఒక రిజిస్టరులో డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చినారో రాసి మూడేళ్లు దాచాలి. ఈ రాతకోతలకు భయపడి కొందరు మందే తెప్పించడం మానేసినారు. ఈయన ప్రతి వరుసా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసినారు. కర్ణాటక డాక్టరు చీటీ ఇక్కడ చెల్లదని మాకు రెండుమూడు చోట్ల చెప్పినారు. అది తప్పు. రిజిస్టరైన డాక్టరు అయితే చాలు, ఏ రాష్ట్రమని నిబంధన అడగదు. మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్లో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం డాక్టరు సంతకంతో ఉన్న చీటీని ఫొటోగా పంపినా సరిపోతుంది. అందులో రోగి పేరు, వయసు, మందు అసలు పేరు, మోతాదు, ఎన్ని రోజులకు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు స్పష్టంగా ఉండాలి. జబ్బు పేరు కూడా రాయించుకోండి. "ఎస్ఎల్ఈ" (లూపస్‌కు డాక్టర్లు రాసే పొట్టి పేరు) అన్న మూడు అక్షరాలు కనబడితే మీరు భయంతో దాచుకోవడానికి కొనేవారు కాదని షాపాయనకు అర్థమవుతుంది.

మాత్రలు తక్కువగా ఉండి స్ట్రిప్పు కోసి ఇచ్చినప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న అంచు ఒకరికే పోతుంది. ఆయన ఆ రెండూ బిల్లు మీద చేత్తో రాసి ఇచ్చినారు. ఎమ్మార్పీ మీద పైసా ఎక్కువ తీసుకోలేదు. ఇవన్నీ ఆయన పనే కదా అంటారేమో. రాత్రి తొమ్మిది దాటినాక ఫోన్ చేసి "పాపకు మాత్ర అందిందా? అన్నం తిన్నాకే వేయండి, వట్టి కడుపున వాంతికొస్తుంది. గ్యాస్ మందు వేస్తుంటే దానికీ దీనికీ నాలుగు గంటలు ఎడం పెట్టండి. ఏమైనా మాత్ర నిలపద్దమ్మా" అని చెప్పడం ఎవరి పనీ కాదు. ఆ ఫోన్ పెట్టేసినాక ఇంట్లో అందరం ఏడ్చినాం. మా మొహం కూడా సరిగా చూడని మనిషి.

అమ్మ, బావ చేసినవి వేరే చెప్పను. వాళ్లు చేస్తారు.

మాత్ర నిలపద్దని అంత గట్టిగా ఎందుకన్నారో తెలియనివాళ్ల కోసం: లూపస్‌లో ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద, చర్మం మీద, కిడ్నీల మీద తిరగబడుతుంది. దాన్ని నెమ్మదిగా అదుపులో ఉంచేది ఈ మాత్రే. 1991లో కెనడా వైద్యులు, జబ్బు నిలకడగా ఉన్నవాళ్లలో కొందరికి దీన్ని ఆపి చూస్తే, ఆపినవాళ్లలో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లయింది. ఇక కరోనాకు ఇది పనిచేస్తుందన్న మాట ఎక్కడ మొదలైంది? ఫ్రాన్సులో మార్సే నగరంలో 26 మందికి ఇచ్చి చేసిన ఒక చిన్న పరిశీలనతో. ఆ 26లో ఆరుగురిని లెక్కలోంచి తీసేసినారు. వాళ్లలో ముగ్గురు ఐసీయూకు పోయినవాళ్లు, ఒకరు చనిపోయినవారు. దాని మీదనే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మార్చిలో గొప్పగా చెప్పినాడు, మన ఊళ్లలో షాపులు ఖాళీ అయినాయి.

ఐసీఎంఆర్ (కేంద్రం వైద్య పరిశోధన మండలి) మార్చి 22 నాటి సలహాలో ఇది కరోనా రోగులను చూసే వైద్య సిబ్బందికి, కరోనా సోకినవారి ఇంట్లోవాళ్లకు మాత్రమేనని, డాక్టరు చీటీ మీదే ఇవ్వాలని రాసింది. మొదటిరోజు 400 రెండుసార్లు, తర్వాత వారానికొక 400, సిబ్బందికి ఏడు వారాలు, ఇంట్లోవాళ్లకు మూడు వారాలు. 200 మాత్రల్లో చూస్తే ఒకరికి 18, ఇంకొకరికి 10. వార్డుల్లో ప్రాణాలకు తెగించి పనిచేస్తున్న నర్సమ్మలకు ఇవ్వొద్దని నేను అనను. అది పనిచేస్తుందో లేదో అప్పటికి సరైన పరీక్షల్లో తేలనే లేదు. కానీ ఏళ్ల తరబడి రోజూ ఇదే వేసుకుని బతుకుతున్న లూపస్, కీళ్లవాతం రోగులకు ఇంత పక్కన పెట్టండని ఒక్క వాక్యం ఎందుకు రాయలేదు? ఎగుమతి మార్చి 25న ఆపినారు, ఏప్రిల్ 4న బిగించినారు, 7వ తేదీ కల్లా సడలించినారు. వేరే దేశాలకు ఎన్ని పంపాలో లెక్క వేసినవాళ్లకు మా జిల్లాలో ఇది వేసుకునేవాళ్లు ఎందరో లెక్క లేదు. పాత చీటీలు చూసి జాబితా తీసి, స్టాకిస్టు దగ్గర ఆ మేరకు ఉంచితే సరిపోయేది. ఆ పని ఒక ముసలాయన తన షాపులో నోటుబుక్కు మీద చేసినారు. ప్రభుత్వం చేయలేదు. ఇది నాకు ఇంకా మండుతోంది.

మాత్రలు అయిపోవస్తున్నవాళ్లు కంగారు పడొద్దు. ఈ మందు ఒంట్లోంచి సగం తగ్గడానికే దాదాపు 40 రోజులు పడుతుంది, నాలుగు రోజులు తప్పితే వెంటనే ఏమీ కాదు. అలాగని ఊరుకోవద్దు. ఉన్నవాటిని ఎలా సర్దాలో డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రను సొంతంగా పెంచొద్దు, హఠాత్తుగా ఆపొద్దు. నోట్లో పుండ్లు, కీళ్ల నొప్పులు, పాదాల వాపు, మూత్రంలో నురగ కనబడితే మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి. అయిదేళ్లకు మించి వాడుతున్నవాళ్లు ఏటా కళ్లు చూపించుకోవాలి. జబ్బేమీ లేకుండా ముందుజాగ్రత్తగా కొని పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. దీన్ని, ముఖ్యంగా అజిత్రోమైసిన్‌తో కలిపి, సొంతంగా వేసుకుంటే గుండె లయ తప్పవచ్చని ఏప్రిల్ 24న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. మీ బీరువాలో ఉన్నది ఎవరికో రోజువారీ మందు.

రాస్తూ ఉంటే దండం పెట్టాల్సినవాళ్లు ఇంకా గుర్తొస్తున్నారు. చెక్‌పోస్టులో బిల్లు, చీటీ ఫొటో చూసి ఆపకుండా పంపిన కానిస్టేబుల్ అన్నకు. ఎండలో మోటారుసైకిల్ మీద మాత్రలు ఊరికి తెచ్చిన గ్రామ వలంటీరు పిల్లోడికి. డాక్టరమ్మ ఫోన్ ఎత్తకపోతే చీటీ రాయించి పంపిన ఆమె అసిస్టెంటుకు. అయ్యో, అసలు ఆ షాపు నంబరు ఇచ్చిన ధర్మవరం అక్కను రాయనే లేదు. ఆమెకూ కీళ్లవాతం, ఆమెకూ ఇదే మాత్ర. అక్కా, వచ్చే వారం ఇంకో పెట్టె వస్తుందని పెద్దాయన చెప్పినారు, మీ చీటీ ఫొటో ఇప్పుడే ఆయనకు పంపండి.