ఆదివారం షెడ్డు మూడు వారాలు ఎందుకు మూశానంటే

ఆదివారాలు విజయవాడలో మన ఆటోనగర్ షెడ్డుకి వచ్చే అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఆదివారం షట్టర్ వేసే ఉంటోంది, ఫోన్ చేసిన వాళ్ళకి "చిన్న రిపేరు నడుస్తోందండీ" అని చెప్పి పెట్టేశాను. అందులో అబద్ధం లేదు గానీ మొత్తం నిజం కూడా లేదు. జరిగింది మీ అందరికీ తెలియాలి, ఎందుకంటే మీరు నా జాకీ మీద కారు ఎత్తి దాని కింద చెయ్యి పెడుతున్నారు.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. వారమంతా నాది మామూలు కార్ల సర్వీసు షెడ్డు. ఆదివారం మా కుర్రాళ్ళకి సెలవు కాబట్టి కారు నిలిపి పని చేసుకునే ఆ మూడు చోట్లని, అంటే బేలని, పానాలని, జాకీలని గంటకి 150 రూపాయలకి, సొంత కారు మీద సొంతంగా పని చేసుకోవాలనుకునే వాళ్ళకి ఇస్తున్నాను. బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, గుంటూరు నుంచి తెల్లారేసరికి బయల్దేరి వచ్చే ఇద్దరు అన్నదమ్ములు, ఇలా ఒక ఇరవై మంది దాకా అయ్యారు.

ఇక జరిగింది. మూసే ముందు ఆదివారం, రెండో బేలో ఒక తమ్ముడు తన కారుకి ముందు బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నాడు. కారు నా ట్రాలీ జాకీ మీద ఉంది. చక్రం విప్పేసి పక్క గోడకి ఆనించాడు, కింద ఏమీ పెట్టలేదు. టీ వచ్చిందని పిలిస్తే లేచి రెండడుగులు వేశాడో లేదో వెనక దబ్బుమని చప్పుడు. కారు ముందు భాగం నేల మీద ఉంది. బ్రేక్ డిస్కు అంచు సిమెంటులో అంగుళం మేర గీత పెట్టింది, డిస్కు వెనకుండే రేకు వంగిపోయింది. అంతకు ఒక నిమిషం ముందు ఆ అబ్బాయి ఎడమ కాలు సరిగ్గా అక్కడే చాపుకుని కూర్చున్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే టీ చొక్కా మీద పోసుకున్నాడు, నాకైతే చాలాసేపు నోట మాట రాలేదు.

తప్పు ఆ అబ్బాయిది కాదు. ఆ జాకీలో ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీలు అరిగిందని నాకు రెండు వారాల ముందే తెలుసు. పొద్దున ఎత్తిపెట్టిన బండి అరగంటకి రెండు వేళ్ళ మందం దిగుతుండటం నా కళ్ళతో నేనే చూశాను, జాకీలో పైకి లేచే కడ్డీ (రామ్) కింద ఆయిల్ తడి కూడా కనిపించింది. హైడ్రాలిక్ జాకీలో బరువంతా మోసేది లోపలున్న ఆయిలే, సీలు దగ్గర కారడం మొదలైతే అది ఇవాళ మెల్లగా దిగొచ్చు, రేపు ఒక్కసారిగా దిగొచ్చు. సీలు కిట్టు పెద్ద ఖరీదేమీ కాదు. "ఈ సోమవారం చూద్దాం" అనుకుంటూ రెండు సోమవారాలు పోనిచ్చాను. ఆ అబ్బాయి కారుకి రేకు, డిస్కు కొత్తవి నేనే వేయించాను, డబ్బు తీసుకోలేదు. వాళ్ళ ఇంటికెళ్ళి వాళ్ళ అమ్మగారికి కూడా జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చాను.

అసలు ఈ ఆదివారాలు ఆపేద్దామని కూడా అనుకున్నాను. ఇంట్లో అదే అన్నారు, పక్క షెడ్డు బాబాయ్ కూడా "మనకెందుకురా ఈ టెన్షన్" అన్నాడు. ఎందుకు ఆపలేదో చెప్పాలంటే ఇది మొదలైన దగ్గరికి వెళ్ళాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ వైపు నుంచి ఆటోనగర్‌కి వచ్చిన బండ్లు ఎన్నో మీకు తెలుసు, రోడ్డు పక్కన వరసలు కట్టాయి. అందులో ఒకాయన తన పాత మారుతి 800ని లాగించుకుని వచ్చాడు, 1996 మోడల్, వాళ్ళ నాన్నగారు కొన్న బండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉంది కాబట్టి క్లెయిము మాట లేదు. ఇల్లు కూడా మునిగిన మనిషి, నా కూలీ ఇచ్చుకునే స్థితిలో లేడు. "నేను చేసుకుంటాను, చోటిచ్చి ఎలాగో చెప్పు అన్నా" అన్నాడు. సరేనన్నాను.

మునిగిన బండికి మొదట చెయ్యాల్సింది తాళం తిప్పకుండా ఉండటమే. సిలిండర్లో నీళ్ళుంటే గాలిలాగా అవి నలగవు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, అక్కడితో ఇంజిన్ ఖర్చు బండి ఖరీదుని దాటిపోతుంది. ఆయన అదృష్టం, స్టార్ట్ చెయ్యలేదు. బ్యాటరీ ఎర్త్ వైరు ముందు పీకి, మూడు ప్లగ్గులూ విప్పి, క్రాంకు పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పించాను. మొదటి చుట్టుకే ప్లగ్గు రంధ్రంలోంచి బురద నీళ్ళు చివ్వున ఎగిరి బానెట్‌కి కొట్టాయి. ఇంజిన్ అడుగున ఆయిల్ ఛాంబర్ నట్టు విప్పితే ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో దిగింది. రెండుసార్లు కొత్త ఆయిల్ పోసి తీసేశాం, మూడోసారికి రంగు నిలిచింది. కార్బురేటర్ బండి కాబట్టి కంప్యూటర్ బాధ లేదు, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి ఆరబెట్టి, పాయింట్లు శుభ్రం చేస్తే సరిపోయింది. సీట్లు, కింది మ్యాటు, దాని కింద తడిసిన జనపనార పొర అన్నీ బయటపడేసి ఆరు ఆదివారాలు ఆయనే కడిగాడు, తుడిచాడు, తుప్పు గీకాడు. ఏడో ఆదివారం స్టార్ట్ అయింది. ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత ఆయన చెప్పగా ఇంకొకరు, వాళ్ళు చెప్పగా మరొకరు వచ్చారు.

అందుకని మానట్లేదు, పద్ధతి మారుస్తున్నాను. జాకీలు రెండింటికీ సీళ్ళు మార్పించాను, ఒక దాన్ని నమ్మబుద్ధి కాక తీసేసి కొత్తది కొన్నాను. మూడు టన్నులు మోసే స్టాండ్లు నాలుగు జతలు తెచ్చాను. పెచ్చులు లేచి ఆయిల్ పీల్చేసిన రెండో బే నేలంతా తవ్వించి కొత్తగా కాంక్రీటు వేయించాను, ఎక్కువ రోజులు పట్టింది దానికే. ఇకనుంచి ఆదివారం రెండు బేలే ఇస్తాను, మూడు బేల మీద నా ఒక్కడి కన్ను నిలవదు.

జాకీ ఉన్నది ఎత్తడానికి, మొయ్యడానికి స్టాండ్లున్నాయి. మారుతి 800 లాంటి చిన్న బండే సుమారు 650 కిలోలు ఉంటుంది. స్టాండ్ల మీదికి దించి, చేత్తో గట్టిగా ఊపి చూసి, విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టాకే ఎవరైనా కిందికి వెళ్ళాలి. ఇది పాత మేస్త్రీలు మాకు మొదటి రోజే నేర్పిన అలవాటు, నేను దాన్ని మీకు గట్టిగా చెప్పకపోవడం నా పొరపాటు. "అయిదు నిమిషాల పనే కదన్నా" అంటే కూడా ఒప్పుకోను, ముందే చెప్తున్నాను.

బ్రేకుల పని చేసిన ఏ బండీ నేను చూడకుండా గేటు దాటదు. ప్యాడ్లు మార్చాక వాటిని నొక్కే బ్రేక్ పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటుంది కాబట్టి పెడల్ మొదటి రెండు మూడుసార్లు నేలదాకా పోతుంది, అది గట్టిపడేదాకా తొక్కాకే బండి కదలాలి. బ్రేక్ ఆయిల్ కూడా ఇంట్లో మిగిలిన పాత సీసాలోది తేవద్దు. అది గాల్లో తేమని పీలుస్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి చాలాసార్లు ఇదే కారణం.

హెడ్‌లైట్లకి రిలే (స్విచ్చి మీద బరువు పడకుండా బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చేది) వేసుకుని మంచి వైరింగ్ లాక్కుంటానంటే సంతోషంగా దగ్గరుండి చూపిస్తాను, ఆ పని నాకూ ఇష్టం. ఆ 100/90 వాట్ల బల్బులు మాత్రం ఇక్కడ పెట్టనివ్వను. చట్టం ఒప్పుకోదు, 60/55 వాట్ల బల్బు కోసం చేసిన హోల్డర్ కరిగిపోతుంది. సైలెన్సర్ కోసి చప్పుడు పెంచే పని కూడా వద్దు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి అయిదు వేల జరిమానా చట్టంలోనే ఉంది, అదలా ఉంచి, మీ వీధిలో పసిపిల్లలు పడుకుని ఉంటారు. గ్యాస్ కిట్ల జోలికి ఎవరూ వెళ్ళొద్దు. వాడేసిన ఆయిల్ మూలనున్న నీలం డ్రమ్ములోనే పొయ్యండి, ఒకాయన డబ్బా పట్టుకుని బందరు కాలువ వైపు వెళ్ళబోతుంటే ఆపాను. ఆ నీళ్ళు కింద పొలాలకి వెళ్తాయి.

గంటకి 200 చేస్తున్నాను. స్టాండ్లకి, నేలకి అయిన ఖర్చు అలా తప్ప రాదు, ఇంకో మాట దాచుకోలేదు. ముందే డబ్బు కట్టిన వాళ్ళకి పాత రేటే వర్తిస్తుంది, వెనక్కి కావాలంటే అడగండి, అప్పటికప్పుడు ఇచ్చేస్తాను, మొహమాటం అక్కర్లేదు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి తెరుస్తాను, ఎండ ముదిరేలోపు ఒంటిగంటకి మూసేస్తాను. మొదటి బే ఆ రోజు బ్రేక్ ప్యాడ్ల తమ్ముడికి ఇచ్చేశాను, రెండో వైపు ప్యాడ్లు అలాగే మిగిలిపోయాయి. మళ్ళీ వస్తానని తనే ఫోన్ చేశాడు. ఈసారి నేను పక్కనే కూర్చుంటాను. రెండో బే పదింటి నుంచి ఖాళీ, కావాల్సిన వాళ్ళు శుక్రవారం సాయంత్రంలోపు చెప్పండి. చెప్పులతో వస్తే లోపలికి రానివ్వను, షూ వేసుకుని రండి.