పశువుల్ని కూడా తలచుకున్న దేవుడు

సంపాదకులకు నమస్కారం.

తుఫాను ఎప్పుడొచ్చినా దాని వెనకే కొన్ని వీడియోలు ఫోనుల్లోకి వచ్చిపడుతుంటాయి. ఇది ఫలానా వాళ్ల పాపానికి దేవుడు వేసిన శిక్ష అని ఒకాయన అరుస్తుంటాడు. అవి చూసి మా చర్చి కుర్రాళ్లు నన్ను సూటిగానే అడుగుతున్నారు: "తాతయ్యా, దేవుడు ప్రేమ అంటారు కదా, మరి ఈ బెదిరింపులేంటి?" న్యాయమైన ప్రశ్న. నేను పుట్టి పెరిగింది దివిసీమలో. హెచ్చరిక అందకపోతే ఏమవుతుందో, అందితే ఏమవుతుందో రెండూ చూసినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి నేను హైస్కూల్లో చదువుతున్నాను. మా పేటలో రేడియో ఉన్న ఇళ్లే తక్కువ. గాలివానలు మనకేం కొత్త అనుకుని పెద్దవాళ్లు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. చీకటి పడ్డాక సముద్రమే ఊళ్ల మీదికి వచ్చింది. 10 వేల మందికి పైగా పోయారు. పశువులకైతే లెక్కే లేదు.

1990 మే 9న మళ్లీ కృష్ణ సముద్రంలో కలిసే చోటే తుఫాను తీరం దాటింది. అప్పటికి నేను మండలాఫీసులో చిన్న గుమాస్తాని. ఈసారి కబురు ముందే అందింది. జీపుకి మైకు కట్టుకుని ఊరూరా తిరిగాం. కోస్తాలో లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. పోయినవాళ్ల ఇళ్లకు అదేమీ చిన్న లెక్క కాదు. కానీ 77ని చూసినవాళ్లకు ఆ తేడా ఏమిటో తెలుసు.

ఆ రోజు ఒక ముసలావిడ రెండు గేదెల పలుపులు చేత్తో పట్టుకుని చూరు కింద నిలబడిపోయింది. "వీటిని వదిలి నేను రాను నాయనా, మీరు పోండి" అంటుంది. మాతో వచ్చిన తలారి ఆవిడ మీద ఇంతెత్తున లేచాడు. ఆవిడా ఊరుకోలేదు, తిట్టింది. అతని గొంతు వణుకుతోంది. 77లో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి అతను. చివరికి తనే పలుపులు అందుకుని గేదెల్ని కరకట్ట మీదికి తోలాడు. అప్పుడుగానీ ఆవిడ కదల్లేదు. ఆ కేకలు మాత్రమే ఎవరికైనా వినిపిస్తే బెదిరింపనే అంటారు. ఆవిడ ఏమైతే నాకేం అనుకున్నవాడు అలా గొంతు చించుకుంటాడా?

బైబిల్లో యోనా ప్రవక్త గ్రంథం చదివినప్పుడల్లా నాకు ఆ గేదెలు గుర్తొస్తాయి. నలభై రోజుల్లో నీనెవె నగరం నాశనమవుతుందని చెప్పమని దేవుడు యోనాను పంపాడు. మారితే బతుకుతారన్న మాట ఆ ప్రసంగంలో లేదు. కానీ నాశనం చేయడమే ఉద్దేశమైతే ప్రవక్త ఎందుకు, నలభై రోజుల గడువెందుకు? రాజుతో సహా ఊరంతా దిగివచ్చింది, ఊరు బతికింది. తన మాట జరగలేదని యోనా అలిగితే, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా జనం ఉన్నారు, బోలెడు పశువులున్నాయి, వాళ్ల మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడే అడిగాడు. శిక్ష వేయాలని తహతహలాడేవాడు పశువుల గురించి మాట్లాడడు.

ఇప్పుడు కూడా దేవుడు హెచ్చరిస్తున్నాడనే నా నమ్మకం. తుఫానులతో కాదు. మా సంఘంలో ఒక కుర్రాడు ఫోనులో బెట్టింగులకు అలవాటు పడ్డాడు. మొదట్లో లోపల ఏదో గుచ్చుకునేదట, పట్టించుకోలేదు. ఒక ఆదివారం సామెతల గ్రంథం చదువుతుంటే తన గురించే చదువుతున్నట్టు టెన్షన్ పడి మధ్యలోనే లేచి వెళ్లిపోయాడట. చివరికి వాళ్లక్క అర్ధరాత్రి పక్కన కూర్చుని ఏడుస్తూ అడిగితే అప్పుడు చెప్పాడు. ఆ మూడూ దేవుడు పిలిచిన పిలుపులే అంటాడు వాడు. అప్పు ఇంకా తీరలేదు. ఇద్దరూ కలిసి తీరుస్తున్నారు.

పాస్టర్లకు, కూటాల్లో మాట్లాడేవారికి ఒక విన్నపం. నవంబరులో మా దీవి ఊళ్లలో ఉప్పెనలో పోయినవాళ్లను తలచుకుంటారు. ఆ రోజు మైకు పట్టుకుని చనిపోయినవాళ్ల పాపాల లెక్క తీయకండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అని యేసే చెప్పాడు. మీరూ మారాలని వింటున్నవాళ్లకు గట్టిగానే చెప్పాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో అక్కడితో ఆపకుండా తర్వాతి నాలుగు వచనాలు కూడా చదవండి. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికెయ్యమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడూ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అంటాడు తోటమాలి. ఎదురుగా కూర్చున్న మా పిల్లలకు ఆ మాట కూడా వినిపించాలి.

— విశ్రాంత మండల కార్యాలయ ఉద్యోగి,
నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా