అమ్మ కిడ్నీని కాపాడిన వారందరికీ కృతజ్ఞతలు

మా అమ్మ కుడి కిడ్నీలో ఏర్పడిన గడ్డను రోబో సాయంతో తొలగించి, కిడ్నీని మాత్రం నిలబెట్టిన చెన్నై వైద్యులకు, ఆ కష్టకాలంలో మాకు అండగా నిలిచిన కావలి బంధుమిత్రులకు మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.

కడుపునొప్పికని తీయించిన స్కానింగులో అనుకోకుండా బయటపడిన ఆ గడ్డ 4 సెంటీమీటర్ల లోపే ఉంది. అయితే అమ్మకు ఏళ్ల తరబడి షుగరు, బీపీ ఉన్నందున, కిడ్నీ మొత్తం తీసేస్తే మిగిలిన ఒక్కదానిపై భారం పడుతుందని వైద్యులు హెచ్చరించారు. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు నెల్లూరు వెళ్లివచ్చే మా పెద్దనాన్న అవస్థను కళ్లారా చూస్తున్న మాకు ఆ మాట ఎంత భయం కలిగించిందో చెప్పలేను.

గడ్డను మాత్రమే తీయాలంటే కిడ్నీకి రక్తం తెచ్చే ధమనిని కాసేపు బిగించి, సుమారు అరగంట దాటకుండా గడ్డను కోసి, లోపల కుట్లు వేసి, రక్తాన్ని తిరిగి వదలాలి. ఇక్కడే రోబో బాగా ఉపయోగపడుతుందని డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. అది తనంతట తాను ఏమీ చేయదని, తాను కన్సోల్ (రోబోను నడిపే తెర, మీటలు ఉన్న యంత్రం) ముందు కూర్చుని, లోపలి భాగాలను 10 రెట్ల వరకు పెద్దవిగా, లోతు తెలిసేలా చూస్తూ, తన వేళ్ల కదలికలతోనే దాని చేతులను నడుపుతానని చెప్పారు. చిన్న రంధ్రాల గుండా చేసే మామూలు లాపరోస్కోపీ పరికరాలకు లేని మణికట్టు మలుపు వీటికి ఉన్నందున ఇరుకులోనూ కుట్లు చక్కగా పడతాయట. చేతి వణుకు పరికరం కొన వరకు చేరదట. ఆయన దాచకుండా చెప్పిన మరో విషయానికి మేము ప్రత్యేకంగా రుణపడి ఉన్నాము. గడ్డ క్యాన్సరైనా దానిని తొలగించడంలో అనుభవజ్ఞులు చేసే ఓపెన్ ఆపరేషను దీనికి తీసిపోదని, ఖర్చు దీనికే ఎక్కువని, అవసరమైతే మధ్యలో ఓపెన్ ఆపరేషనుకు మారవలసి రావచ్చని ముందే చెప్పి, నిర్ణయాన్ని మాకే వదిలారు. షుగరు ఉన్న మనిషికి పొడవైన కోత మానడం కష్టమన్న ఆలోచనతోనే మేము రోబోకు ఒప్పుకున్నాము.

అమ్మ ఒంటిమీద మిగిలినవి కొద్దిపాటి చిన్న గాట్లే. మరునాడే నర్సు చేయి పట్టుకుని నడిచింది. వారం తిరగకముందే ఇల్లు చేరింది. గడ్డ క్యాన్సరేనని, అంచులలో ఏమీ మిగలలేదని బయాప్సీ రిపోర్టు తెలిపింది. ఇకపై క్రమం తప్పకుండా స్కానింగులు తీయించాలి.

కన్సోల్ దగ్గరి డాక్టరుగారితో పాటు, అమ్మ పక్కనే నిలబడి పరికరాలు మార్చిన సహాయ వైద్యులకు, మత్తు డాక్టరుగారికి, నర్సులకు నమస్కారాలు. రక్తం ఇవ్వడానికి పినాకిని రైల్లో చెన్నై వచ్చిన మా వీధి యువకులారా, అమ్మకు రక్తం ఎక్కించే అవసరం రాలేదు గాని, మీ రాక మాకు కొండంత ధైర్యమిచ్చింది. ధాన్యం అమ్మిన డబ్బును లెక్క అడగకుండా చేతిలో పెట్టిన మేనమామకు, నాన్నను కంటికి రెప్పలా చూసుకున్న పిన్నికి, ఆలస్యం చేయవద్దని పట్టుబట్టి చెన్నైకి పంపిన కావలి డాక్టరమ్మకు మేము ఎప్పటికీ కృతజ్ఞులము.

ఇదే సమస్యతో సతమతమవుతున్నవారు రిపోర్టులు చూడాలన్నా, ఖర్చు వివరాలు తెలుసుకోవాలన్నా నిస్సంకోచంగా మమ్మల్ని అడగవచ్చు.