రైలు గేటు భద్రత నేర్పిన ముగ్గురికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు

మా స్కూలు బస్సుల డ్రైవర్లకు, ఆయాలకు, పెద్ద తరగతుల పిల్లలకు రైలు పట్టాల దగ్గర ఎలా ఉండాలో చెప్పడానికి తమ సెలవు రోజు వదులుకుని వచ్చారు ఒక లోకో పైలట్ గారు, ఒక గేట్‌మ్యాన్ గారు, సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆ ముగ్గురికీ తల్లిదండ్రులందరి తరఫున కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు చెప్పిన మాటలు మాత్రం ఈ పోస్టు చదివే ప్రతి ఇంటికీ చేరాలి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

‘గేటు దగ్గర జాగ్రత్త’ అని మనమందరం చెబుతూనే ఉంటాం. ఎందుకు జాగ్రత్తో చెప్పేవాళ్లు తక్కువ. లోకో పైలట్ గారు మొదలుపెట్టిందే అక్కడి నుంచి. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఉన్న బరువైన గూడ్సు రైలుకు ఎమర్జెన్సీ బ్రేకు వేస్తే, అది పూర్తిగా నిలబడే సరికి ఒకటిన్నర కిలోమీటరు దాటిపోవచ్చు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లుతుంది, రెంటి మధ్య రాపిడి చాలా తక్కువ. అన్ని వేల టన్నులను ఒక ఇంజను లాగగలిగేది ఆ నునుపు వల్లే, వెంటనే ఆపలేకపోయేదీ దానివల్లే. పక్కకు తిప్పుదామంటే స్టీరింగ్ ఉండదు. పట్టాల మీద మనిషి కనిపించాక తన చేతిలో ఉండేవి హారను, బ్రేకు మాత్రమేనని, రెండూ వాడేశాక ఇక చూస్తూ కూర్చోవడమేనని ఆయన చెప్పినప్పుడు హాల్లో ఒక్కరూ మాట్లాడలేదు. మనం గేటు కింద నుంచి దూరి వెళ్లే ఆ క్షణాన్ని ఇంజనులో ఉన్న మనిషి జీవితాంతం మోయాల్సి రావచ్చు. ఈ సంగతి పిల్లలకు ఇంత సూటిగా చెప్పినందుకు ఆయనకు ప్రత్యేకంగా రుణపడి ఉంటాం.

‘రైలు ఇంకా దూరంలోనే ఉంది కదా’ అనే లెక్క ఎందుకు తప్పుతుందో కూడా ఆయనే చెప్పారు. పెద్ద వస్తువు ఏదైనా మనవైపు వస్తుంటే, దాని అసలు వేగం కన్నా నెమ్మదిగా వస్తున్నట్టు కంటికి అనిపిస్తుంది. హెర్షెల్ లైబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లెవెల్ క్రాసింగ్ ప్రమాదాల గురించి రాస్తూ 1985లోనే ఈ భ్రమను ఎత్తిచూపారట. పైగా రైలు నేరుగా ఎదురొస్తుంటే అటూ ఇటూ కదిలినట్టు కనపడదు, కొంచెం కొంచెంగా పెద్దదవుతుంది అంతే. మన కంటిని మనమే నమ్మకూడని చోటు ఇది. చెవినీ నమ్మలేం. ఎలక్ట్రిక్ రైళ్లు పెద్దగా చప్పుడు చేయవు, ఎదురుగాలిలో ఆ కాస్త చప్పుడూ వినపడదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

గేట్‌మ్యాన్ గారికి నా వందనం ఇంకో కారణానికి. రైలు జాడ లేకుండానే గేటు ఎందుకు వేసేస్తారని మా డ్రైవర్లే ఆయన్ను గట్టిగా నిలదీశారు. ఆయన కొంచెమైనా విసుక్కోకుండా చెప్పారు. సిగ్నల్‌తో ముడిపడి ఉన్న గేట్లలో గేటు పూర్తిగా పడి, లాకు పడితేగానీ రైలుకు పచ్చ సిగ్నల్ రాదు. అంత వేగంలో వచ్చే రైలుకు ఆ సిగ్నల్ చాలా దూరం నుంచే కావాలి, కాబట్టి గేటు ముందుగానే పడాలి. దిగుతున్న గేటు కింద బండి దూర్చేవాళ్లు అటు రైలునూ ఆపేస్తున్నారు, ఇటు వెనకున్న అందరినీ ఆలస్యం చేస్తున్నారు. ఇది విన్నాక మా డ్రైవర్ల అసహనం సగం తగ్గిందని నా నమ్మకం.

సిగ్నల్ పెద్దాయన చెప్పినవాటిలో నన్ను బాగా కదిలించింది 1995 అక్టోబరు 25న అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఫాక్స్ రివర్ గ్రోవ్‌లో జరిగిన ప్రమాదం. స్కూలు బస్సు పట్టాలు దాటి ఎర్ర లైటు దగ్గర ఆగింది. వెనక భాగం మాత్రం ఇంకా రైలు దారిలోనే ఉండిపోయింది. ఏడుగురు విద్యార్థులు చనిపోయారు. రైలు పెట్టె పట్టాకన్నా దాదాపు మీటరు బయటికి ఉంటుంది కాబట్టి చక్రాలు దాటితే బండి దాటినట్టు కాదు. అవతల మన బండి మొత్తం పట్టేంత ఖాళీ కనపడితేనే పట్టాలెక్కాలి. ఇప్పుడు మా బస్సులన్నీ గేటు తెరిచి ఉన్నా సరే ముందు ఆగుతున్నాయి. పాటలు, ఫ్యాన్లు ఆపి, తలుపు తెరిచి, రెండు వైపులా చూసి, విని, ఆ తర్వాతే కదులుతున్నాయి. ఒక రైలు వెళ్లిపోగానే పరుగెత్తకూడదు, పక్క లైనులో ఇంకోటి వస్తుండవచ్చు.

బండి పట్టాల మీదే ఆగిపోతే ఏం చేయాలో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. స్టార్ట్ చేస్తూ కూర్చోకూడదు. ముందు అందరూ దిగాలి. పట్టాలకు దూరంగా, కానీ రైలు వచ్చే దిక్కుకే ఏటవాలుగా పరుగెత్తాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కారణం తెలిస్తే ఉండదు. రైలు గుద్దితే ముక్కలు రైలు వెళ్లే వైపుకే ఎగురుతాయి, అటు పరుగెత్తినవాళ్ల మీదే పడతాయి. దిగాకే గేట్‌మ్యాన్‌కో, రైల్వే ఎమర్జెన్సీ నంబరుకో చెప్పాలి. పిల్లలతో దీన్ని మైదానంలో చేయించి చూపించినందుకు పెద్దాయనకు మరోసారి నమస్కారం.

ఆగి ఉన్న వ్యాగను ఎక్కి ఫొటోలు దిగే అలవాటు గురించి పిల్లలే అడిగారు. చాలా దేశాల్లో రైలు పైనుండే తీగలో 25,000 వోల్టులు ఉంటాయి, తాకక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు కరెంటు దూకుతుంది. ఈ ముక్క దయచేసి మీ ఇంట్లో పిల్లలకు ఈ రోజే చెప్పండి.

ఇలా ఊరికే సమయం ఇచ్చేవాళ్ల వల్ల ఎంత మేలు జరుగుతుందో అమెరికాలోని ఐడహో రాష్ట్రం చూపించింది. అక్కడ 1972లో మొదలైన ఆపరేషన్ లైఫ్‌సేవర్ ప్రచారం తర్వాత దేశమంతా పాకింది, ఈ రోజుకీ వలంటీర్లే స్కూళ్లకు, డ్రైవర్ల దగ్గరికి వెళ్లి చెబుతున్నారు. మాకు ఆ ముగ్గురూ చేసిందీ అలాంటి పనే. దారి ఖర్చులకని మేమిచ్చిన కవరు కూడా తీసుకోలేదు.

ఈ విడతలో రాలేకపోయిన డ్రైవర్లు, కొత్తగా చేరినవాళ్లు ఉన్నారు. వాళ్లకోసం మళ్లీ పిలుస్తాం, మీ ముగ్గురూ తప్పకుండా రావాలి సార్.