రాజకీయ వ్యాజ్యాలు ముగించడానికి గడువు విధించాలని కోరుతూ బహిరంగ లేఖ

గౌరవనీయ న్యాయమూర్తి గారికి,

చెన్నై పెరంబూరులో చిరకాలంగా నివసిస్తున్న తెలుగువాడిని, నమస్కరించి రాస్తున్నాను. ఈ విన్నపాన్నే రెండుసార్లు రిజిస్టర్డు పోస్టులో పంపాను. అందినట్టు రసీదులు వచ్చాయి గాని జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు పెడుతున్నాను.

2017 సెప్టెంబరు 18న తమిళనాడు స్పీకర్ 18 మంది శాసనసభ్యులపై అనర్హత వేటు వేశారు. మా పెరంబూరు సభ్యుడూ వారిలో ఒకరు. వ్యవహారం హైకోర్టుకు చేరింది, ఉపఎన్నికలు ఆగాయి. 2018 జూన్‌లో ధర్మాసనంలోని ఇద్దరూ చెరొక రకంగా, భిన్నమైన తీర్పులు ఇచ్చారు; అక్టోబరు 25న మూడో న్యాయమూర్తి వేటును సమర్థించారు. మేము మళ్లీ ఓటు వేసింది 2019 ఏప్రిల్ 18న.

ఆ 19 నెలలూ వీధిలో వాననీరు నిలిచినా, ముసలివారి పింఛను ఆగినా, మా తరఫున సభలో లేచి అడిగే మనిషి లేడు. తప్పు సభ్యుడిదో స్పీకరుదో గాని, శిక్ష ఓటరుకు పడింది.

తీర్పును నేను తప్పుపట్టడం లేదు. న్యాయమూర్తులు భిన్నాభిప్రాయం చెప్పడం, నా దృష్టిలో, వారి స్వేచ్ఛకు గుర్తే. అయితే అనర్హత ఫిర్యాదులను స్పీకర్లు సాధారణంగా మూడు నెలల్లో తేల్చాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, అదే కొలత న్యాయస్థానాలకూ వర్తించాలని మాబోటివారు ఆశించడం అత్యాశ కాదనుకుంటాను.

కనుక, ప్రజలకు ప్రాతినిధ్యం లేకుండా చేసే ప్రతి వ్యాజ్యాన్నీ మూడు నెలల్లో ముగించేలా, వాయిదా తప్పనిసరైతే దాని కారణాన్ని ఉత్తర్వులో రాసేలా నియమం చేయవలసిందిగా కోరుతున్నాను.

విధేయుడు,
పెరంబూరు ఓటరు ఒకరు