లెన్స్ అమ్మేముందు గోడకు ఒక పేపరు అతికించు

తిరుపతి,
సంక్రాంతి వెళ్ళిన వారం.

అమ్మణ్ణీ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పక్షులొచ్చే నేలపట్టు దాకా పోయి, తెల్లారకముందే చెరువు దగ్గర నిలబడి, ఒక్క గూడబాతు కూడా షార్ప్‌గా రాలేదంటే ప్రాణం ఎంత ఉసూరుమంటుందో నాకు తెలుసు. "లెన్స్ పోయింది నాయనా, అమ్మేస్తా" అన్నావు. అప్పుడే ఆ మాట అనొద్దు తల్లీ. నీ మొదటి జీతంతో కొన్న 70-300 జూమ్ లెన్స్ అది. ఏం పోయిందో తెలియకుండా అమ్మితే, తప్పు కెమెరాలోనే ఉందనుకో, కొత్త లెన్స్‌తో కూడా ఇదే తంటా.

నేలపట్టులో సగం కష్టం ఆ చోటిదే. కడప చెట్ల మీద గూళ్ళు, వాటి ముందర అడ్డంగా ఇంకో నాలుగు కొమ్మలు. ఫోకస్ పాయింట్లన్నీ కెమెరాకే వదిలేస్తే అది ఎక్కువగా దగ్గరున్న కొమ్మనే పట్టుకుంటుంది. మధ్య పాయింట్ ఒక్కటే పెట్టుకో. ఎండెక్కాక నీళ్ళ మీద గాలి అల్లాడుతుంది కదా, జూమ్‌ను పూర్తిగా 300 దాకా తిప్పితే ఆ అల్లాటమంతా ఫోటోలో కనిపిస్తుంది. దానికి ఎంత ఖరీదైన లెన్సైనా ఏమీ చేయలేదు.

పోయిన గంగమ్మ జాతర గుర్తుందా? బైరాగి వేషం వేసినాయన ఒళ్ళంతా తెల్లసుద్ద. నువ్వు ఆయన రొమ్ము మీద పాయింట్ పెట్టావు, లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంది. కనుబొమ మీద పెట్టమన్నాను, టక్కున పడింది. ఆటోఫోకస్‌కు నలుపు తెలుపుల తేడా కావాలి. తెల్లగోడ, మబ్బు, పొగమంచు ఏదైనా అంతే, పట్టుకోవడానికి అంచు లేకపోతే అది వెతుక్కుంటూనే ఉంటుంది.

కానీ నువ్వు ఇంట్లో కూడా అలాగే తిరుగుతోందన్నావు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట లెన్స్ పక్కనున్న స్విచ్‌లు చూడు. ఏఎఫ్, అంటే ఆటోఫోకస్ మీదే ఉందా? దూరం పరిమితి పెట్టే స్విచ్ ఉంటే, అది దూరానికే పెట్టి ఉందా? బ్యాగులోంచి తీసేటప్పుడు అవి జరిగిపోతుంటాయి. ముందున్న ఫిల్టర్ తీసెయ్. అది మెరుపులు తగ్గించే లీనియర్ పోలరైజర్ అయితే నీలాంటి అద్దమున్న కెమెరా (డీఎస్ఎల్ఆర్) ఫోకస్‌ను తికమక పెడుతుంది, నాసిరకం యూవీ ఫిల్టర్ కూడా ఫోటోను మెత్తగా చేస్తుంది. షట్టర్ బటన్ సగం నొక్కినా లెన్స్ అసలు కదలకపోతే, ఫోకస్ పనిని షట్టర్ బటన్ నుంచి వెనక బటన్‌కు ఎవరైనా మార్చారేమో మెనూలో చూడు.

తర్వాత కిటికీ వెలుతురు బాగా పడే గోడకు ఒక న్యూస్‌పేపర్ అతికించు. మరీ దగ్గరికి పోవద్దు, ఇంతకన్నా దగ్గర ఫోకస్ పడదు అనే దూరం లెన్స్ మీదే రాసి ఉంటుంది. ట్రైపాడ్ మీద పెట్టి 70, 100, 135, 200, 300 దగ్గర ఒక్కొక్కటి తియ్. జూమ్ తిప్పిన ప్రతిసారీ మళ్ళీ ఫోకస్ చెయ్, చాలా జూమ్‌లలో తిప్పగానే ఫోకస్ జరుగుతుంది. ఒకసారి వ్యూఫైండర్‌లో చూసి, ఇంకోసారి లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద చూసి. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు అద్దం కిందున్న వేరే సెన్సర్ ఫోకస్ చూస్తుంది, లైవ్ వ్యూలో ఫోటో పడే సెన్సరే చూస్తుంది. లైవ్ వ్యూలో బాగా వచ్చి, వ్యూఫైండర్‌తో ఎప్పుడూ ముందుకో వెనక్కో పడుతుంటే లెన్స్ చెడిపోలేదని, లెన్స్‌కూ ఆ అద్దం కింది సెన్సర్‌కూ పొత్తు కుదరడం లేదని అర్థం. కొన్ని కెమెరాల్లో మెనూలోనే సరిచేసుకోవచ్చు. ప్రతిదీ కాగితం మీద రాసుకో.

ఎందుకింత చెబుతున్నానంటే, 2014లో తిరుచానూరు పెళ్ళి. తెల్లవారుజాము ముహూర్తం. 70 దగ్గర అన్నీ బాగానే వస్తున్నాయి. జీలకర్ర బెల్లం పెడుతుంటే చేతుల కోసం 200కి తిప్పాను. లెన్స్ రెండుసార్లు టిక్ టిక్ అని ఆగిపోయింది. వెనక్కి తిప్పితే మళ్ళీ పనిచేసింది. ఆ ఒక్క ఫోటో మాత్రం బ్లర్. ఆ పిల్ల తండ్రికి ఆల్బమ్ ఇచ్చిన రోజు ఆయన ఏమీ అనలేదు కానీ, ఆ పేజీ దగ్గర ఆగి చూశాడు. అది నాకు ఇప్పటికీ గుచ్చుతుంది.

మొదట చూపించిన షాపులో మోటారు పోయిందన్నారు. మార్చారు, డబ్బు తీసుకున్నారు, లోపం అలాగే ఉంది. నేను "ఫోకస్ పడడం లేదు" అని మాత్రమే చెప్పాను, ఎక్కడ పడడం లేదో చెప్పలేదు. రెండో అతనికి "200 దాకా తిప్పితేనే" అన్నాను. విప్పి చూపించాడు. లోపల వేలి గోరంత వెడల్పు నారింజ రంగు రిబ్బన్, ఫ్లెక్స్ కేబుల్ అంటారు. జూమ్ తిప్పినప్పుడల్లా మడతపడి మడతపడి, ఆ మడత దగ్గర వెంట్రుకంత చీలిక. పొడవుగా సాగినప్పుడు కరెంటు తెగిపోతోంది. అది మార్చాక ఇప్పటిదాకా పనిచేస్తోంది. నీ కాగితంలో కూడా ఒక అంకె దాటాకే చెడుతుంటే, రిపేరు అతనికి ఆ అంకె చెప్పు.

లెన్స్ కెమెరాకు తగులుకునే చోట (మౌంట్) ఉన్న బంగారు రంగు కాంటాక్ట్‌లను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడువు. జిడ్డు పోకపోతే గుడ్డ కొసకు చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పెన్సిల్ రబ్బరుతో రుద్దొద్దు, దాని పొడి లోపలికి పోతుంది. తర్వాత నీ 50 లెన్స్ అదే బాడీకి, అంటే అదే కెమెరాకు పెట్టి చూడు. అది కూడా తిరుగుతుంటే తప్పు బాడీది. వీలైతే ఈ జూమ్‌ను ఇంకొకరి బాడీకి పెట్టి చూడు.

ఆదివారం వీడియో కాల్ చెయ్. ఫోన్ లెన్స్ పక్కన పెట్టి, 70 నుంచి 300 దాకా మెల్లగా తిప్పుతూ ఫోకస్ చెయ్, ఆ శబ్దం నేను వినాలి. అమ్మ అరిసెలు పంపిస్తోంది. అదే డబ్బాలో పక్కన కవర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టాను, కెమెరా బ్యాగులో వేసుకో.

ఇట్లు,
నాయన