చుక్కల బొమ్మలో లేనిది లోతు

సంపాదకుల వారికి,

ఆరోగ్యం పేజీలో ఆక్యుపంక్చర్ మీద వ్యాసం పడిందంటే పక్కన ఒళ్లంతా చుక్కలు పెట్టిన మనిషి బొమ్మ ఉండి తీరుతుంది. ఏ చుక్క దగ్గర గుచ్చితే ఏ బాధ తగ్గుతుందో బాణాలు వేసి మరీ చూపిస్తారు. సూది ఎంత లోతు దిగాలో, అక్కడ చర్మం కింద ఏముందో మాత్రం రాయరు. పాఠకుడికి ముందుగా తెలియాల్సింది అదే.

చైనా సంప్రదాయం చెప్పేది క్లుప్తంగా ఇదీ: ‘చి’ అనే ప్రాణశక్తి పన్నెండు ప్రధాన మార్గాల్లో ప్రవహిస్తుంది, దానికి అడ్డు తగిలితే జబ్బు, సూది ఆ అడ్డు తొలగిస్తుంది. ఈ మార్గాల మీద, ఒంటి మధ్యగా ముందూ వెనకా పోయే రెండు గీతల మీద కలిపి 361 బిందువుల స్థానాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణీకరించింది. శరీరాన్ని కోసి చూస్తే ఆ మార్గాలు దొరకవు. దొరికేవి నరాలు, కండరాలు, వాటిని కప్పి ఉంచే పొరలు. సూది ప్రభావాన్ని పరిశోధకులు వెతుకుతున్నది వీటిలోనే.

ఈ సూది ఇంజక్షన్ సూది లాంటిది కాదు. లోపల బోలు ఉండదు, మందు ఎక్కించరు. మందం సాధారణంగా 0.16 నుంచి 0.30 మిల్లీమీటర్లు. సన్నని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, పైకి కాస్త తేలిన పిడి మీద వేలితో తట్టగానే మొన చర్మం దాటుతుంది. అది పెద్దగా తెలియదు. ఆ తర్వాత సూదిని అటూ ఇటూ తిప్పుతూ దించుతున్నప్పుడు చుట్టూ ఉన్న పీచు కణజాలం దాన్ని చుట్టుకుంటుంది, వేళ్లకు పట్టేసినట్టు తెలుస్తుంది. రోగికి అక్కడ బరువుగా, మొద్దుగా, లాగినట్టు ఉంటుంది. మామూలుగా 20 నుంచి 30 నిమిషాలు ఉంచి తీసేస్తారు. ఒకే వైపు అదేపనిగా తిప్పితే సూది ఇరుక్కుపోతుంది. అప్పుడు బలంగా లాగకూడదు. వెనక్కి తిప్పి, కండరం సడలేదాకా ఆగాలి.

ఆ బరువు, లాగుడు సన్నని నరాల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరతాయి. దాంతో ఎండార్ఫిన్ల వంటి సహజ నొప్పి నివారకాలు విడుదలవుతాయన్నది ప్రధాన వివరణ. ఆ రసాయనాలను అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే సూదితో తగ్గిన పంటి నొప్పి తిరిగి పెరిగిందని 1977లో ఒక ప్రయోగం చూపించింది. తర్వాతి ప్రయోగాలన్నీ దాంతో ఏకీభవించలేదు. 2010లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో గుచ్చిన చోటే అడినోసిన్ అనే నొప్పి తగ్గించే రసాయనం పెరిగి, నొప్పి తగ్గింది. సూదులకు స్వల్ప విద్యుత్ కలిపే పద్ధతిలో 2 హెర్ట్జ్‌కు (సెకనుకు రెండుసార్లు), 100 హెర్ట్జ్‌కు (సెకనుకు వందసార్లు) వేర్వేరు రసాయనాలు విడుదలవుతాయి.

ఇక అసలు చిక్కు. జర్మనీలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1,162 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత మెరుగుపడినవారు శాస్త్రోక్తంగా సూదులు వేసినవారిలో 47.6 శాతం, బిందువులు కాని చోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం. అంటే సూదితో ప్రయోజనం కనిపిస్తోంది గానీ, ఫలానా చుక్కే కావాలన్న పట్టుదలకు అంత బలం లేదు. ఆ ప్రయోజనంలోనూ నమ్మకం, ఆదరణ వాటా ఎంతో విడదీయడం కష్టం. బాణాలు గీసేవారు ఇది గమనించాలి. ఇక మధుమేహం పోతుంది, థైరాయిడ్ మాత్రలు మానెయ్యవచ్చు అనే మాటలైతే అచ్చుకే ఎక్కకూడదు.

చుక్క చూపించి తీరాలంటే మణికట్టు దగ్గరిది వేయండి. లోపలివైపు మడత గీత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైన, తాళ్లలా తేలే రెండు స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీల) మధ్య ఉంటుంది. శస్త్రచికిత్స తర్వాతి వికారం మీద బాగా పరీక్షకు నిలిచిన బిందువు అది. బొటనవేలితో నొక్కితే చాలు, సూది అక్కర్లేదు.

సూది వేయించుకునేవారు మూసి ఉన్న ప్యాకెట్‌ను తమ కళ్ల ముందే చింపమని అడగాలి. ఒకరికి వాడిన సూదిని స్పిరిట్‌తో తుడిచి ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి అంటుకోవచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్ సూదులు పెట్టకూడదు. మొదటిసారి కూర్చోబెట్టి గుచ్చితే కొందరు కళ్లు తిరిగి పడిపోతారు, పడుకోబెట్టడమే మేలు.

అన్నిటికంటే భయపడాల్సింది ఊపిరితిత్తికి చిల్లు పడటం. మెడకూ భుజానికీ మధ్య, వీపు పైభాగంలో, ఛాతీ మీద ఊపిరితిత్తి పైపొర కొన్నిచోట్ల చర్మానికి 10 నుంచి 20 మిల్లీమీటర్ల లోతులోనే ఉంటుంది. బక్కపలచని మనిషిలో నిలువుగా దించిన సూది అక్కడికి చేరడానికి ఎంతో పట్టదు. ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు పొడిచినట్టు నొప్పి వెంటనే రావచ్చు, కొన్ని గంటలు ఆగీ రావచ్చు. వస్తే ఇంట్లో ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లి, సూదులు ఎక్కడ, ఎప్పుడు వేయించుకున్నదీ మొదటే చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే గుండె నొప్పిగా భావించి ఆ పరీక్షలతోనే పొద్దుపోతుంది, ఛాతీ ఎక్స్‌రే వెనకపడుతుంది.

ఇట్లు,
ఆక్యుపంక్చర్ చేసే వైద్యులు